ఉయ్యాలో అన్నందుకు

మా పటేలుకు మాటంటే గిట్టదు, పాటంటే ప్రాణం. అదేదో పాట మీద ప్రేమని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాట్లేసే ఆడవాళ్లు మాట్లాడుకుంటే చెయ్యి ఆగుతుందట, పాడితే చెయ్యి ఉరుకుతుందట. అదీ ఆయన లెక్క. గట్టు మీద గొడుగు కింద కూర్చుని, మేం కాస్త ఊపిరి తీసుకుంటే చాలు, "ఏందే, గొంతులు పడిపోయినయా? పాటెత్తుండ్రి!" అని అరిచేవాడు.

ఎనభైల్లో సంగతి ఇది. హాలియా దగ్గర, సాగర్ కాలువ కింద ఊరికి నేను కొత్త కోడలిని. నాట్ల కూలీలకు మా అత్తే పెద్ద. పటేలు ఆమెతో చెబితే ఆమె మమ్మల్ని పోగేసుకుని పోయేది. నేను తిరుమలగిరి వైపు మెట్టచేన్లలో పెరిగినదాన్ని. బురదలో నా చెయ్యి నెమ్మది. అక్షరం కూడా రాదప్పుడు, రాతకోతలన్నీ తర్వాత నేర్చినవే. నాకు వచ్చిందల్లా అప్పటికప్పుడు మాట కట్టి పాడటం. అందుకే అత్త నన్ను వరుస నడుమ నిలబెట్టేది. నేను ఒక మాట అనాలి, అందరూ అదే మాట తిప్పి అనాలి. ఇంటికొస్తే మాత్రం ఆ గొంతే పనికిరాదు. మామ ముందు మాట్లాడొద్దు, అత్తకు ఎదురు చెప్పొద్దు. పొయ్యి దగ్గర కూనిరాగం తీసినా అత్త, "ఏమే, ఇల్లనుకున్నవా, మడనుకున్నవా?" అనేది.

నేను కట్టిన పాటలైనా ఏం గొప్పవి! కాలువమ్మను పొగడటం, పటేలు ఎద్దులను పొగడటం. నా మాట ఒక్కటీ ఉండేది కాదు వాటిలో.

అప్పుడు నా బిడ్డ నాలుగు నెలలది. ఎండిపోయి, కళ్లు లోపలికి పోయి, చూస్తే భయమేసేది. దవాఖానకు తీసుకుపోతే నర్సమ్మ నా మీద కేకలేసింది. "పొద్దుగాల ఓసారి, పగటికి ఓసారి ఇస్తే ఈ పిల్ల దక్కుతదా? ఏడ్సినప్పుడల్లా పాలియ్యాలె."

ఎట్లా ఇవ్వను? ఇంట్లో చూసే దిక్కు లేక, గట్టు మీది తుమ్మచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి అందులో వేసేదాన్ని. మడిలో దిగినవాళ్లు పగటన్నం దాకా గట్టెక్కొద్దని పటేలు హుకుం. వరుసంతా వంగి వెనక్కి నడుస్తూ నాటు వేస్తుంది. ఒకతె పోతే ఆమె ముందున్న జాగా బోసిగా మిగిలి, గట్టు మీద కూర్చున్నవాడికి ఇట్టే కనిపిస్తుంది.

అత్తనే అడిగాను. "అత్తా, జర పాలిచ్చొస్త. ఇప్పుడే వస్త."

"నువ్వెక్కితే ఇంకొకతె ఎక్కుతది. రేపు పటేలు వేరే ఊరోళ్లను పిలుచుకుంటడు. నేను పిల్లల్ని కనలేదా, పెంచలేదా? వంగు."

కన్నది నిజమే. మట్టిలో పెట్టిన పిల్లల మాట మాత్రం ఎత్తలేదు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగి వంగాను.

బిడ్డ ఏడిస్తే చాలు, పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయేది. కారి కారి బురదలో పడేవి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. గుక్కపట్టి అడిగినా పెట్టలేని అమ్మను నేను. పిక్కల దాకా బురద, కదలనివ్వని వరుస, పైన గొడుగు. ఎటు పోను?

ఒకరోజు పొద్దెక్కాక బిడ్డ ఏడుపు సన్నబడింది. ఏడిస్తే భయం లేదు. ఆగిపోతేనే భయం. నా చేతిలో నారు జారింది. సరిగ్గా అప్పుడే గట్టు మీద నుంచి, "పాటెత్తుండ్రే!"

నా లోపల వేరే పాట లేదు.

"కాలువ నీళ్లొచ్చె ఉయ్యాలో, మడి దూప తీరె ఉయ్యాలో" అన్నాను. అందరూ అన్నారు.

"మడి దూప తీరె ఉయ్యాలో, బిడ్డ దూప తీరదాయె ఉయ్యాలో." అదీ అన్నారు.

తిప్పి అనేవాళ్లు అర్థం చూసుకోరు. ముందు నోరు అంటుంది, తర్వాతే చెవి వింటుంది. ఆ సందులోనే నేను దూరాను.

"తల్లి గట్టెక్కాలె ఉయ్యాలో, బిడ్డ గట్టెక్కాలె ఉయ్యాలో!"

వరుసంతా ఒక్క గొంతుతో అంది. అందరికంటే గట్టిగా అన్నది మా అత్త. అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు.

నారు పెట్టే చేతులు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ప్రతి పాటలో అంటున్న మాటే ఉయ్యాలో. దానికి అర్థముందని మాలో ఎవరం ఎన్నడూ తలవలేదు. అందరి తలలూ తుమ్మచెట్టు కింద కదలకుండా వేలాడుతున్న చీర వైపు తిరిగాయి. నా పక్కామె నడుము లేపింది. ఆమె పిల్లవాడూ ఆ చెట్టు కిందే ఉన్నాడు. ఇంకొకామె లేచింది.

"ఏందే గిది?" పటేలు గొడుగు వదిలి లేచాడు.

"నువ్వే గద పటేలా పాడమన్నవ్!" అంది ఎవరో. కిసుక్కున నవ్వులు.

నేను గట్టెక్కాను. కాళ్లు కూడా కడుక్కోలేదు. బిడ్డ నోరు తెరిచి రొమ్ము పట్టేదాకా నాకు ఊపిరి లేదు. పీకిన నారు ఎండిపోతుందన్న భయంతో పటేలు ఆ రోజు ఎవరినీ పొమ్మనలేదు. ఆ నాట్లు ముగిసేదాకా తల్లులం వంతులవారీగా గట్టెక్కి పాలిచ్చాం. నా బిడ్డ దక్కింది.

అయితే ఏమైంది? పటేలు అత్తను పిలిపించుకుని గట్టిగానే అరిచాడు. ఆమె ఇంటికొచ్చి, "నోరు మంచిదైతే ఊరు మంచిది. ఇగ నీ నోరు ఇంట్ల లేవొద్దు, మడిల లేవొద్దు" అంది. మరుసటి నాట్లకు పాలిచ్చే తల్లులను పిలవనే లేదు. పాట కూడా బంద్. పాటంటే ప్రాణమన్న మనిషే, "నోరు మూసుకొని నాటుండ్రి" అన్నాడు. నన్ను చూసి ఆడవాళ్లు కొందరు తలతిప్పుకునేవాళ్లు. వాళ్ల కూలి పోగొట్టింది నేనేగా. బిడ్డ దక్కిందన్న సంతోషం కూడా పైకి చెప్పుకోలేక లోపలే అణుచుకున్నాను. మాటా లేదు, పాటా లేదు. బురదలో చేతులాడే చప్పుడే.

ఆపై ఏడు, పాలు మరిచిన నా బిడ్డ గట్టు మీద తప్పటడుగులు వేస్తుంటే, మళ్లీ అదే మడిలో వంగి ఉన్నాను. కాలువ అవతల వేరే ఊరి పొలం. అక్కడి నుంచి గాలికి పాట వచ్చింది. గొంతు ఎవరిదో తెలియదు. మాటలు నావి.

"తల్లి గట్టెక్కాలె ఉయ్యాలో..."

తలెత్తి చూశాను. నేనెన్నడూ చూడని ఒక మనిషి కొంగుతో చేతులు తుడుచుకుంటూ గట్టెక్కి చెట్టు వైపు పోతోంది. ఆమెను ఎవరూ ఆపలేదు.

మా గట్టు మీద మాత్రం గొడుగు అక్కడే ఉంది. నేను పెదవి కొరుక్కుని మళ్లీ వంగాను. కళ్లలో నీళ్లు నారు మీద పడుతున్నాయి. నా పక్కన మా అత్త, తల ఎత్తకుండా, చెయ్యి ఆపకుండా, నాకొక్కదానికే వినపడేటట్టు అంది.

"ఉయ్యాలో."