తొమ్మిదో బెడ్డు దగ్గర పేరు అడిగిందెవరు?

దయ్యాలున్నాయంటే నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. పద్నాలుగేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ప్రాణం పోయినవాళ్ల కళ్లు మూసి, చేతులు సర్ది, మార్చురీ గదికి ఒక్కదాన్నే వెళ్లి తాళం వేసి వచ్చిన రోజులు బోలెడు. కొత్తగా చేరిన పిల్లలు లిఫ్టు దానంతట అదే ఆగుతోందని వణికితే, దానికి సర్వీసింగు లేక ఆగుతోంది, మీరు మెట్లెక్కండి అని కసురుకునేదాన్ని. కాబట్టి నాది పిరికి గుండె అని ఎవరూ అనుకోవద్దు.

మాది ఎల్‌బీ నగర్ దగ్గర ఒక మధ్యరకం ప్రైవేటు ఆసుపత్రి. పేరు చెప్పను. సరూర్‌నగర్‌లో కిరాయికుంటూ అక్కడికి డ్యూటీకి వెళ్తాను.

నాకు పని నేర్పింది ఎస్తేరు సిస్టర్. మా నల్లగొండ వైపు మనిషే. ఆమెకో అలవాటుండేది. పేషెంటు దగ్గరికి వెళ్లగానే దుప్పటి మీద నుంచే కాలి బొటనవేలు పట్టుకుని మెల్లగా కదిపేది. మొహంలో మొహం పెట్టి లేపితే జబ్బు మనిషి బెదిరిపోతాడని ఆమె ఉద్దేశం. ఆ తర్వాత, “నీ పేరు నువ్వే చెప్పు బిడ్డా” అనేది. చెప్పేదాకా వేలు వదిలేది కాదు.

మేం పొరపాటున “వెంకటయ్యవేనా?” అని అడిగామో, అయిపోయామన్నమాటే. “జరమొచ్చినోడు ఏ పేరుతోని పిలిచినా ఊఁ అంటడు. గా ఊఁ పట్టుకొని సూది గుచ్చుతవా?” అని అందరి ముందూ కడిగేసేది. చాటుగా మేం ఆమెను బొటనవేలు సిస్టర్ అని నవ్వుకునేవాళ్లం.

ఆమెకు జబ్బు ముదిరాక మా వార్డులోనే చేర్చారు. ఒకరోజు సాయంత్రం ఇంజెక్షన్ తీసుకుని హడావిడిగా ఆమె దగ్గరికి వెళ్లాను. చెయ్యి ఇవ్వకుండా నా వైపే చూస్తోంది. “పేరు అడుగు” అంది. నాకు నవ్వొచ్చింది. “మీ పేరు నాకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది సిస్టర్, చెయ్యియ్యున్రి” అన్నాను. చెయ్యి ఇచ్చింది. మొహం మాత్రం గోడ వైపు తిప్పుకుంది.

మందు సరైనదే, తప్పేమీ జరగలేదు. కానీ మర్నాడు నాకు సెలవు, ఆ మర్నాడు వెళ్లేసరికి ఆమె లేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే నా సొమ్మేం పోయేదని ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఆమె పోయిన ఏడాదికి, వేసవిలో, పట్టపగలు జరిగిందిది.

తొమ్మిదో బెడ్డులో సత్తయ్య అని ఒక పెద్దాయన ఉండేవాడు. కడుపులో పుండు పగిలి రక్తం చాలా పోయింది. బి పాజిటివ్ రక్తం తెప్పిస్తున్నాం. పదకొండో బెడ్డులో రాములు. బాటసింగారం పండ్ల మార్కెట్లో హమాలీ. జ్వరంతో ముందురోజే చేరాడు. మా ఆసుపత్రికి రావడం అదే మొదలు.

పదకొండో బెడ్డు మీది ఫ్యాను ఆ పొద్దునే ఆగిపోయింది. రాములు ఉడికిపోతున్నాడు. రక్తం లేని సత్తయ్యకేమో ఫ్యాను గాలికి చలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక రాములు భార్య, సత్తయ్య కొడుకు మాట్లాడుకుని, బస్సులో సీట్లు మార్చుకున్నంత తేలిగ్గా ఇద్దరినీ బెడ్లు మార్చేశారు. మాకెవరికీ చెప్పలేదు. మేమూ చూడలేదు.

ఇందులో మా పాపం కూడా ఉంది. పేషెంటు పేరున్న పట్టీ చేతికే ఉండాలి. సెలైన్ సూది దగ్గర చెయ్యి వాస్తే మేం దాన్ని కత్తిరించి మంచం తలవైపు ప్లాస్టరుతో అంటించేవాళ్లం. ఆ రోజు ఇద్దరి పట్టీలూ మంచాలకే ఉన్నాయి. మనుషులు మారారు, పట్టీలు మారలేదు.

రెండు గంటలకు, డ్యూటీలు మారే వేళకు రక్తం వచ్చింది. ఎక్కించే ముందు ఇద్దరు నర్సులు పేషెంటు పక్కన నిలబడి సరిచూసుకుని సంతకాలు పెట్టాలి. ఎస్తేరు సిస్టర్ ఉన్నన్నాళ్లూ అలాగే చేశాం. ఆమె పోయాక, మనుషులు చాలక, ఆ పనిని కౌంటరు దగ్గరే కానిచ్చేస్తున్నాం. నేనూ, కొత్తగా చేరిన సునీతా కౌంటరు దగ్గర నిలబడి బ్యాగు మీదిదీ కేస్ షీటులోదీ గట్టిగా చదివాం. పేరు, గ్రూపు, నంబరు అన్నీ కలిశాయి. ఇద్దరం సంతకాలు పెట్టాం.

బ్యాగు తీసుకుని తొమ్మిదో బెడ్డు దగ్గరికి వెళ్లాను. పట్టీ మీద సత్తయ్య అనే ఉంది. మనిషి దుప్పటి నిండా కప్పుకుని పడుకున్నాడు. కాళ్ల దగ్గర స్టూలు మీద ఒకామె కూర్చుంది. కూతురేమో అనుకున్నాను. బ్యాగు స్టాండుకు తగిలించాను, సెలైన్ ఆపాను, గొట్టం కొస చేతిలోకి తీసుకున్నాను.

“మళ్లొచ్చినవా? చెప్పిన గదమ్మా, రాములు అని.”

దుప్పటి లోపలి నుంచి వచ్చిందా మాట. విసుగ్గా వచ్చింది.

ముసుగు తీసి చూస్తే సత్తయ్య కాదు. “నిన్ను పేరెవరడిగిన్రు?” అన్నాను.

“గా పెద్ద సిస్టరమ్మ. ఇందాకనే. కాలి బొటనవేలు పట్టుకొని లేపింది. పేరు చెప్పేదాక ఇడువలే.”

గొట్టం పక్కన పెట్టి, బ్యాగు దించి, కౌంటరు దగ్గర అప్పజెప్పాను.  అక్కడే రాములు కేస్ షీటు తీశాను. ఓ పాజిటివ్. ఆ రక్తం ఎక్కి ఉంటే ఆ మనిషి మా కళ్ల ముందే పోయి ఉండేవాడు. నా సంతకంతో.

తర్వాత నేను విచారించని మనిషి లేదు. స్టూలు మీద కూర్చున్నామె రాములు భార్య. బెడ్డు మారినప్పటి నుంచి ఆమె అక్కడి నుంచి కదల్లేదు. నిద్రా పోలేదు. ఎవరూ రాలేదంది. మరి నేను రక్తం తగిలిస్తుంటే ఎందుకు ఊరుకున్నావంటే, “మీరు చదువుకున్నోళ్లు, మీకు తెల్వదా అనుకున్న” అంది. సునీత కౌంటరు దాటలేదు. బొటనవేలు సంగతి తెలిసినదాన్ని ఆ డ్యూటీలో నేనొక్కదాన్నే, నా రెండు చేతుల్లోనూ సామాను ఉంది. వార్డు తలుపు దగ్గరి కెమెరాలో ఒంటిగంట నుంచి నేను రక్తం తీసుకెళ్లేదాకా చూపించమన్నాను. భోజనాల బండి, ఊడ్చే ఆయమ్మ, నేను. అంతే.

జ్వరంలో కలవరించాడేమో అనుకుందామంటే ఆ పూట జ్వరం తొంభై తొమ్మిదే. ఎలుక కొరికి ఉంటుందని ఒకరన్నారు. ఎలుక పేరు అడగదు కదా. మర్నాడు మళ్లీ అడిగితే, ఫ్యాను గాలికి ఒళ్లు చల్లబడి ముసుగు తన్ని పడుకున్నాను, మొహం చూడలేదన్నాడు. “చెయ్యి గట్టిగుండె. సల్లగేం లేదు, మంచిగనే ఉండె” అన్నాడు.

ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. జరగబోయి తప్పిపోయిన పొరపాట్లకూ ఒక ఫారం ఉంటుంది. మా దగ్గర ఎవరూ రాయరు. రాసినవాళ్లకే మెమో వస్తుంది. “రాయకు అక్కా, నా కొలువు పోతది” అని సునీత ఏడ్చింది. నాదీ పోవచ్చు. రెండు రోజులు ఫారం నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరిగాను. తోచిన సాకులన్నీ చెప్పుకున్నాను. చివరికి బెడ్లు మారడం, మంచానికంటించిన పట్టీలు, కౌంటరు దగ్గరి సంతకాలు, రాములు చెప్పిన మాటలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసేశాను.

“పొరపాటును ముందుగా గుర్తించినవారు” అని ఒక గడి ఉంది. నా పేరు రాసి కొట్టేశాను. రాములు పేరు రాద్దామంటే, అడిగినవాళ్లకు చెప్పాడంతే. ఖాళీగా వదిలేశాను.

మేట్రన్ మేడమ్ ఎస్తేరు సిస్టర్‌తో కలిసి ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఫారం చదువుతూ బొటనవేలు దగ్గర ఆగారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. గడి ఖాళీగా ఉందేమని అడగలేదు. కింద సంతకం పెట్టేశారు.

నాకు మెమో వచ్చింది. సునీత ఉద్యోగం నిలిచింది. ఆ వారం నుంచి రక్తం సరిచూడటం మంచం పక్కనే, పేషెంటు నోట పేరు విన్నాకే. పట్టీ కత్తిరిస్తే రెండో చేతికి కొత్తది కడుతున్నాం. రాములు నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

ఇప్పుడు బొటనవేలు నేనూ పట్టుకుంటున్నాను. కొత్త పిల్లలు చాటుగా నవ్వుకుంటారని తెలుసు. ఆ మధ్యాహ్నం తొమ్మిదో బెడ్డు దగ్గర పేరు అడిగిందెవరో మాత్రం నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తెగడం లేదు. నేను పేరు అడగకుండా సూది వేసిన మనిషి ఎవరో మాత్రం తెలుసు.