రెండు బొమ్మల అట్ట

అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం మా ఆవిడ పొయ్యి మీద మైదా జిగురు ఉడికిస్తోంది. గల్ఫ్‌లో, అల్ ఖువైర్‌లోని మా ఫ్లాట్ అంతా ఆ పిండివాసన కమ్ముకోగానే లేచి కిటికీ తీశాను. "జిగురు కూడా పడదా మీకు?" అంది. పడదు. కొన్ని వాసనలు అతుక్కుంటే వదలవు.

నాకు ఆ వాసనంటే రాజేశం అన్నే. జగిత్యాల వైపు మనిషి. అప్పట్లో ఇదే ఊళ్లోని రూవిలో ఒక ఫోటో స్టూడియోలో ప్రింటింగ్ ఆయనది, కౌంటరు నాది. ఉండేది ఒకే రూమ్‌లో. సెలవు పూట మంచం మీద పాత అరబ్బీ పేపరు పరిచి కూర్చునేవాడు. ఒకే దృశ్యాన్ని, రెండు కళ్ల మధ్య ఉన్నంత ఎడం జరిగి, రెండుసార్లు తీసి, ఆ రెండు ప్రింట్లనూ ఒకే అట్ట మీద పక్కపక్కన అతికించేవాడు. రెండు అద్దాల చెక్కపెట్టెలోంచి చూస్తే అవి ఒకటైపోయి, కొండ కొండలాగే లేచి నిలబడేది. కొన్న జిగురు పట్టుకుంటే వదలదని, మైదా అయితే ఆరేలోపు వెంట్రుకవాసి జరుపుకోవచ్చని ఆయన పట్టుదల. ఒకసారి నన్ను అతికించమన్నాడు. ఒక బొమ్మ రవ్వంత పైకి పోయింది.

"తమ్మీ, గిది జూస్తె తల తిరుగుతది. ఒక కన్ను మేడ మీద, ఒక కన్ను కింద ఉన్నోనికి జూపియ్యాలె."

"అలాంటివాడు ఎక్కడ దొరుకుతాడన్నా?"

"అద్దంల జూస్కో."

ఆ తర్వాత నా పని, అట్టలు వంకరపోకుండా పైన బరువుకి గోధుమపిండి ఆటా సంచి పెట్టడం. అట్టకీ ఆటాకీ మధ్య ఇమిడిపోయింది నా విద్య.

ఆయన ప్రాణమంతా ఒక అట్ట మీద ఉండేది. మా రూమ్‌మేట్ మల్లేశం చాయ్ గ్లాసు అందిస్తున్న ఫోటో అది. పెట్టెలో చూస్తే ఆ చెయ్యి మన ముక్కు దాకా వచ్చేది. కొన్నాళ్లకే మల్లేశం సైట్‌లో పరంజా మీంచి పడి చనిపోయాడు. తర్వాత స్టూడియో మూతపడింది, కంప్యూటర్లతో పాటు అసలు ఫోటోలన్నీ పోయాయి. వీసా అయిపోయి ఊరికి బయలుదేరుతూ, ఆ అట్టను మల్లేశం భార్యకిస్తానన్నాడు అన్న. "ఆమెకు బొమ్మ గాదు, మనిషిని జూపియ్యాలె."

అప్పుడే ఒక తెలుగు సంబరం నిర్వాహకుడు అట్టలన్నీ ప్రదర్శనకు అడిగాడు. అన్న మొహం వెలిగిపోయింది. పెట్టెతో సహా అన్నీ ఇచ్చాడు. మల్లేశం అట్ట కూడా.

మేం వెళ్లేసరికి గోడ నిండా బంగారురంగు ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో ఒక్కటే బొమ్మ. అట్టలన్నిటినీ నిలువునా కోసేశారు. చెక్కపెట్టెను పూలగుత్తి పక్కన అలంకారానికి ఉంచారు.

"ఒకటే ఫోటో రెండేసిసార్లు ఉంది సార్, ఫ్రేముల్లో పట్టలేదు. ఒకటి తీసేశాం. నీట్‌గా వచ్చాయి కదా?" నిర్వాహకుడి ముఖంలో నిజమైన సంతోషం.

"తీసేసినవి ఎక్కడున్నాయి?" అన్నాను.

"నిన్ననే పారేశాం సార్. ఎందుకు, కావాలా?"

అన్నను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు, నవ్వమన్నారు. ఆయన దిగొచ్చి, ఫ్రేములోంచి మల్లేశాన్ని ఊడదీసి ఆ శాలువాలోనే చుట్టుకున్నాడు.

"గట్టిగా అడగాల్సిందన్నా," అన్నాను టాక్సీలో.

"ఎవల్ని? వాడు మంచి జేద్దామనే జేసిండు. చెడ్డోడైతే తిడుదును." శాలువా మూటను ఒళ్లోకి సర్దుకుని, "గిప్పుడు ఆమెకు నేనేం జూపియ్యాలె తమ్మీ?" అన్నాడు.

అన్న ఊరు చేరాక ఫోన్ చేసి, ఆమెకు ఫోటో ఇచ్చావా అని అడిగాను.

"ఇయ్యలే. గసొంటి ఫోటోలు ఆమె తాన మస్తున్నయి."

ఆయన మళ్లీ అట్ట ముట్టుకోలేదు.

ఇప్పుడు నా ఫోన్ అప్పుడప్పుడు అడుగుతుంది, ఒకేలాంటి ఫోటోలున్నాయి, తీసేయమంటారా అని. అదే నయం, అడుగుతుంది. వద్దని నొక్కుతాను. చోటు నిండిపోయిందని మా ఆవిడ విసుక్కుంటుంది. నిజమే, నిండిపోయింది. అందుకే కొత్త ఫోటోలు తీయడం మానేశాను.