మామ్మ పెట్టిన బొట్లు

మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, పోయిందండి. పొద్దున్న నాకు జడేసి, దువ్వెన తన ముడిలో గుచ్చుకుని అరుగుమీద ఒరిగింది. లేపితే లేవలేదు. ఆ జడ నేను చాలాసేపు విప్పలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

మాది రాజోలు దగ్గర లంక. గోదారి పొంగితే మా ముందుగదిలోకి నీళ్ళొస్తాయి. నీళ్ళు తీసేక గోడమీద చార ఎక్కడుంటే అక్కడ మామ్మ పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టేది.

"గోదారమ్మంటే ఇంటికొచ్చిన ఆడపడుచే. ఉత్తినే పంపేత్తామా?"

"మామ్మా, ప్లీజ్. ఫ్రెండ్స్ వస్తే నవ్వుతారు."

"నవ్వనీ. ఆళ్ళింటికి రాదేంటి?"

నా మోకాళ్ళ దగ్గరొకటి, నడుం దగ్గరొకటి. అన్నిటికంటే పైది నా తలకంటే ఎత్తు.

నాన్నకి డయాలసిస్. రోజు విడిచి రోజు అమలాపురం వెళ్ళాలి. పోయినేడు లంక దాటే ఒక్క దారి, కాజ్‌వే, మునిగి, పడవ రాక, నాన్న ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను ఫోన్ పట్టుకుని ఏడుస్తా కూర్చున్నాను. అందుకే ఈసారి వరద రాకముందే ఇల్లు అమ్మేసి అమలాపురం వెళ్ళిపోవాలి. లేకపోతే ఏమవుద్దో తలుచుకోడానికే భయం.

మామ్మ ఉండగానే ఇల్లు ముస్తాబు మొదలెట్టేం. విరిగిన పెంకులు మార్చేం, తలుపులకి వార్నిష్ కొట్టించేం, గుమ్మం పక్కన పూలకుండీలు పెట్టేం. "ముందుగది తెల్లగా ఉండాలండీ, ఫొటోల్లో పెద్దగా కనపడతాది" అన్నారు బ్రోకరు గారు. అన్నిటికీ సరేనన్న మామ్మ గోడకి మాత్రం అడ్డం నించుంది.

"ఇల్లు అమ్మరా, నీ ప్రాణం కంటేనా? ఆ తల్లి రాలేదని మాత్రం చెప్పకు."



మామ్మ పెద్దకార్యం అవ్వగానే నాన్న ఆ గోడకి సున్నం వేయించేరు. చెమ్మగోడకి పెయింట్ నిలవదంట. సాయంత్రానికి బొట్లన్నీ ఎర్రగా తేలేయి. పసుపుకి సున్నం తగిలితే ఎరుపేగా! పండక్కీ పేరంటానికీ హారతికి ఎర్రనీళ్ళు కలిపే ఇంట్లో ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఇంకో పూత వేసేరు. ఇంకా ఎర్రబడ్డాయి. అమ్మ బకెట్ పక్కనే కూలబడి ఏడ్చింది.

కొనేవాళ్ళు రానే వచ్చేరు. ఆవిడ చంకలో చిన్నపాప. నాన్న నావైపు చూసేరు. నేనెళ్ళి గోడకి ఆనుకుని నించున్నాను. కింద బొట్లు నా వెనకాల దాక్కున్నాయి.

"ఎప్పుడైనా నీళ్ళొచ్చేయాండీ?"

"అబ్బే, లేదండి," అన్నారు నాన్న.

"ఈ గది పాపకి బాగుంటుంది" అంటా ఆవిడ నా తలపైకి చూసేరు. "అదేంటమ్మా, ఎర్రగా?"

నాన్న చేతిమీద సూదిగుర్తులు కనపడుతున్నాయి.

"మా మామ్మ పెట్టిన బొట్టండి."

"ఎవరికి?"

నాన్నవైపు చూడలేకపోయేను. చెయ్యెత్తి, కిటికీలోంచి కనపడే గోదారిని చూపించేను. ఆవిడ పాపని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, అటే చూస్తా ఉండిపోయేరు.