రీస్టార్ట్ అక్క డ్యూటీ ఫోను

ఆవిడ అసలు పేరు జీతాల విభాగం వాళ్ళకి తప్ప మా ఆఫీసులో ఎవరికీ గుర్తుండదు. చిన్నా పెద్దా అందరికీ రీస్టార్ట్ అక్కే.

రక్తపరీక్షల రిపోర్టులు జనం ఇంట్లో కూర్చుని చూసుకునే వెబ్‌సైటు మాది. సాయంత్రం రక్తమిచ్చినవాళ్ళంతా మర్నాడు పొద్దున్నే, కళ్ళు నులుముకుంటూ, ఒక్కసారిగా సైటు మీద పడతారు. అప్పుడది నత్తనడక నడుస్తుంది. ఫిర్యాదులొచ్చే డ్యూటీ ఫోను మోగుతుంది. అక్క ల్యాప్‌టాప్ తెరిచి అన్నిటినీ రీస్టార్ట్ చేస్తుంది. కాసేపటికి సైటు తేరుకుంటుంది. ఆ పేరు అలా వచ్చింది. వేరేవాళ్ళు చేస్తే ఏమవుతుందోనన్న భయంతో ఫోను ఏళ్ళ తరబడి అక్క దగ్గరే ఉండిపోయింది.

నలభై దాటాక అక్కకి ఈత నేర్చుకోవాలనిపించింది. ఆడవాళ్ళకి పొద్దుటి బ్యాచ్ ఒక్కటే ఉంది. సరిగ్గా సైటు మొరాయించే వేళ. కొలను గట్టు మీద బెంచీలో వాళ్ళాయన ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో తువ్వాలు పట్టుకుని కూర్చునేవాడు. తువ్వాలు ఊపితే అక్క బయటికి రావాలి.

"నువ్వు నీళ్ళలోంచి ఎక్కి రావడమే చూస్తున్నాను గానీ ఈదగా చూసిందెప్పుడే?" అనేవాడాయన.

"ఊపడం మానెయ్, చూద్దువుగాని."

"నేను మానేస్తే మీ పెద్దసారు నా ప్రాణం తీస్తాడు."

ఒకరోజు అక్క పెద్దసారు గదిలోకి వెళ్ళి, ఈ ఫోను వంతులవారీగా తిప్పమని అడిగింది. ఆయన కాదనలేదు. "ఈ నెమ్మది రోగానికి మూలం పట్టు. పట్టిన రోజే నిన్ను వదిలేస్తాను" అన్నాడు.

వదిలేస్తానన్న మాట ఒక్కటే అక్క చెవికెక్కింది.

మా సైటు ఒక్క చోట నడవదు. ఒకే ప్రోగ్రాముకి చాలా నకళ్ళు, ఒక్కొక్కటీ ఒక్కో డబ్బాలో ఉంటాయి. కంటైనర్లంటారు. వీటన్నిటినీ కాసే సాఫ్ట్‌వేర్ వేరే ఉంది, దాన్ని మేం మేస్త్రి అంటాం. సైటు నెమ్మదించినప్పుడల్లా డబ్బాలు పెంచమని ఒకరు, డేటాబేస్‌దే తప్పని ఒకరు మీటింగుల్లో గొంతు చించుకునేవాళ్ళు. డబ్బాలు పెంచారు కూడా. ఏమీ మారలేదు.

అక్క మీటింగులకి పోకుండా మేస్త్రి ఎప్పటికప్పుడు రాసుకునే చిట్టాలు చదువుతూ కూర్చుంది. రద్దీ మొదలయ్యాక డబ్బాలు ఒకదాని వెనక ఒకటి చచ్చిపోతున్నాయి. చంపుతున్నది మేస్త్రే! కొన్ని సెకన్లకోసారి ప్రతి డబ్బానీ "బతికే ఉన్నావా?" అని అడుగుతాడు. వరసగా కొన్నిసార్లు జవాబు ఆలస్యమైతే, చచ్చిందనుకుని తీసేసి కొత్తది పెడతాడు. కొత్తది లేచి కూర్చోడానికి టైము పడుతుంది. ఈలోగా దాని పని పక్కవాటి నెత్తిన పడి అవీ నెమ్మదిస్తాయి. వాటినీ చంపేస్తాడు. పైగా ఆ ప్రశ్నకి "ఉన్నాను" అనడానికి ప్రతి డబ్బా డేటాబేస్ దాకా పోయి రికార్డులు లెక్కపెట్టి రావాలి. ఎవరో ఎప్పుడో అలా రాసి పోయారు.

ఇది చదువుతున్నంతసేపూ పెద్దసారు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. "అప్‌డేట్ ఏమిటి?"

"మీరు అడగడం ఆపితే చెప్తాను సార్. నేను బతికే ఉన్నాను."

ఆ తర్వాతే అక్కకి అసలు దెబ్బ తగిలింది. మేస్త్రి ఒక్కొక్క డబ్బానీ చంపుతుంటే, రీస్టార్ట్ పేరుతో తను చేసేది అన్నిటినీ కలిపి చంపడమే కదా! మరి సైటు ఎలా బాగుపడేది?

మర్నాడు పొద్దున్న గట్టు మీద తువ్వాలు ఊగింది. అక్క వచ్చి, తడి బట్టల మీదే బెంచీలో కూర్చుని, ల్యాప్‌టాప్ ముందు చేతులు కట్టుకుంది.

"నొక్కవేమే?" అన్నాడు వాళ్ళాయన.

"నొక్కను."

ఫోను మోగింది. "రీస్టార్ట్ చేశావా?" పెద్దసారు అరుస్తున్నాడు.

"చూస్తున్నాను సార్."

"చూడ్డానికి అదేమన్నా సినిమానా?"

అక్క కదల్లేదు. రోజూ తేరుకునే వేళకే సైటు దానంతటదే తేరుకుంది. రిపోర్టులు చూసుకున్న జనం వాళ్ళ పనులకి వెళ్ళిపోవడమే ఇన్నేళ్ళూ జరిగిన వైద్యం. అక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన చేతిలో ఏ విద్యా లేదు. లేని విద్య కోసం తనని కట్టేశారు.

మేస్త్రి అడిగే "బతికే ఉన్నావా?" ప్రశ్నకి జవాబుని డేటాబేస్ జోలికి పోకుండా తిరగరాసింది. జవాబుకి గడువు పెంచింది. పని ఎక్కువైన డబ్బాకి సైటుకి కొత్తగా వచ్చేవాళ్ళని కాసేపు పంపకూడదు గానీ దాన్ని చంపకూడదని మేస్త్రికి నేర్పింది. మర్నాడు ఈత మానుకుని ఆఫీసుకే వచ్చింది. మేమంతా తన వెనక నిలబడి చూశాం. రద్దీ వచ్చింది. సైటు బరువెక్కింది గానీ ఒక్క డబ్బా కూడా చావలేదు. ఫోను మోగలేదు.

అక్క దాన్ని బల్ల మధ్యలో పెట్టింది. రీస్టార్టుల సంగతి దాచకుండా చెప్పింది. "ఇన్నేళ్ళూ నేను చేసిందేమీ లేదు సార్. ఇది ఎవరి దగ్గరున్నా ఒకటే. మీరు మాటిచ్చారు."

"ఇచ్చాను. వంతులే" అన్నాడు పెద్దసారు. "మొదటి వారం ఎవరు?"

డేటాబేస్ చూసే అతనికి ఇంట్లో పసిపాప. టెస్టింగ్ అమ్మాయికి పొద్దున బస్సులో సిగ్నల్ ఉండదు. నెట్‌వర్క్ బావగారికి, అందరం ఆయన్ని అలాగే పిలుస్తాం, ఉన్నట్టుండి నడుం నొప్పి గుర్తొచ్చింది.

"పోనీ నేనే ఉంచుకుంటా" అని పెద్దసారు విసురుగా ఫోను తీశాడు. తెర మీద గీశాడు. తెరుచుకోలేదు.

"ఇదెలాగమ్మా?"

"వేలిముద్ర సార్. నాదొక్కటే ఉంది. ఇంకొకరిది ఎక్కించాలి, అర నిమిషం పని. ఎవరిది ఎక్కించమంటారు?"

టెస్టింగ్ అమ్మాయి రెండు చేతులతో కాఫీ కప్పు పట్టుకుంది. బావగారు చేతులు వెనక్కి పెట్టుకుని నడుం రుద్దుకున్నాడు. పెద్దసారు తన బొటనవేలి వంక చూసుకున్నాడు. "నాకు బోర్డు మీటింగులుంటాయి కదా" అన్నాడు. "ఒక్క నెల ఆగు. నీ అంత ఓపిక ఎవరికుంది చెప్పు?"

అంతలో ఫోను మోగింది. ఏదో ల్యాబు నుంచి. కంపెనీ బిగించిన ఫోను, కాల్ ఎత్తాలన్నా లాక్ తియ్యాలి. రిపోర్టు కోసం ఎవరో అవతల ఆగి ఉన్నారు. అక్క మా ముఖాలన్నీ వరసగా చూసి, బొటనవేలు చాపింది.