డేగపిల్ల కాలికి సాంచ దారం

లేదు, నేనొప్పుకోను. "పెట్టెల గులకరాళ్లు పొయ్యి మామా" అని ఒకటికి నాలుగుసార్లు వాయిస్ మెసేజ్ పెట్టిన. ఫోన్‌ల ఇంకా ఉన్నయి, ఎవరికైనా వినిపిస్త. అయినా మా మేనమామ ఏమంటుండు? "రాళ్లెందుకో చెప్పినవా కోడలా? చెప్పలే గదా!" అంట. టీచర్ లెక్క ప్రతిదానికి కారణం చెప్పుకుంట కూసోవాల్నా నేను?

నేను హైదరాబాద్‌ల పెరిగిన. మామది సిరిసిల్ల దిక్కు. సాంచల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద, బట్ట నేస్తడు. వాళ్లింటెనుక తాటిచెట్ల మీద పావురమంత డేగలుంటయి, తలకాయ ఇటుక రంగుల. సొంతంగ గూడు కట్టుకునే ఓపిక లేదు వాటికి. కాకులు వదిలేసిన గూట్ల గుడ్లు పెడ్తయి. నిరుడు గాలిదుమారానికి ఆ గూడు గుడ్లతో సహా కింద పడ్డది. గాలిని తిడితే ఏం ఫాయిదా? ఆన్‌లైన్‌ల వీడియోలు చూసి, డేగల కోసం చెక్కపెట్టె ఎట్ల చెయ్యాల్నో మామకు బొమ్మ పంపిన. ముంగట తెరిచి ఉండాలె, అడుగున గులకరాళ్లు ఉండాలె.

పెట్టె మస్తు చేసిండు. కల్లు గీసే తాత మోకు వేసుకొని ఎక్కి, తను గీయని చెట్టుకు కట్టిండు. డేగలు వచ్చినయి, మూడు పిల్లలైనయి. తల్లి డేగ పక్క చెట్టెక్కే తాతను తన్నుడు షురూ జేసింది. అప్పటికెళ్లి తాత బైక్ హెల్మెట్ పెట్టుకొని తాటిచెట్టెక్కుతుండు. మామ పంపిన ఆ వీడియో పోస్ట్ పెడితే నా ఫోన్ రెండు రోజులు మోగుతనే ఉంది.

సెలవులకు పోయి, చెట్టు కింద నిలవడి ఫోన్‌ల జూమ్ చేసిన. రెండు పిల్లలు అంచుకొచ్చి రెక్కలు కొట్టుకుంటున్నయి. మూడోది ఎనుకనే ఉంది. లేస్తది, పడ్తది. ఇంకా జూమ్ చేస్తే కాలికి ఎర్ర దారం.

"మామా! దారం ఎక్కడిది?"

"మెత్తగ ఉంటదని రాళ్ల మీద సాంచల వేస్ట్ దారం పరిచిన. పసిపిల్లల్ని రాళ్ల మీద ఎవరన్న పండబెడ్తరా? నిన్ను గట్ల పండబెట్టినమా?"

"నేను డేగనా మామా?"

"ఒర్రుడు చూస్తే గట్లనే ఉన్నవ్."

దారం గట్లనే ఉంటే కాలు ఎండిపోతది. ఎగురుడు తర్వాతి ముచ్చట, నిలవడుడే ఉండదు. తాత ఎక్కిండు. తల్లి డేగ హెల్మెట్ మీద ఠక్కుఠక్కుమని తన్నుతుంటె, పిల్లను కల్లు పట్టే ఖాళీ లొట్టిల పెట్టి తాడుతోని కిందికి దింపిండు. "జర పైలం, గిది కల్లు గాదు!" అని పైకెళ్లి కేక.

తువ్వాలల చుట్టి రెండు చేతులతోని పట్టుకున్న. ఫోన్ జేబుల. వీడియో లేదు, అడగకుండ్రి. దాని గుండె నా వేళ్లకు కొట్టుకుంటుంది. కత్తెర పెట్టుమంటె మామ విన్లే, "తోలు తెగుతది" అన్నడు. దినమంతా తెగిన పోగులు అతికే మనిషి. గోటితోని ఒక కొస దొరకవట్టిండు, మెల్లగ ఊదిండు, ఇంకోటి వదులు జేసిండు.

"జల్ది మామా!"

"నోరు మూస్తవా? కొస జారిపోతది."

మూసిన. నాలుగో పోగు ఊడంగనే డేగపిల్ల వేళ్లు ముడిచి నా బొటనవేలిని పట్టుకుంది. గోర్లు దిగినయి. నొప్పికి ఏడ్చిన్నో సంబరానికి ఏడ్చిన్నో తెల్వదు.

తాత దారమంత పీకేసి, కొత్త గులకరాళ్లు పోసి, పిల్లను పెట్టి దిగిండు. అప్పుడు చెప్పిన మామకు: డేగలు ఏం పరుచుకోవు, చిన్నరాళ్లుంటె గుడ్డు దొర్లదు, నీళ్లు నిలవవు, కాలికి పట్టు దొరుకుతది. "గీ ముచ్చట ముందే చెప్తే అయిపోతుండె గదా" అన్నడు. నాకు మంట లేసింది.

మూడోది అందరికన్న ఆఖర్ల ఎగిరింది. జర వంకరగ, పక్క చెట్టు దాంక.

జరిగిందంత పోస్ట్ పెట్టిన. కింద కామెంట్లేంది? చదువు లేనోళ్ల చేతుల పెడితే గింతే అంట, ఆ మామను మళ్ల చెట్టు దగ్గరికి రానియ్యొద్దంట. మామను నేను తిడ్త, మీరెవరు తిట్టనీకె? పిల్లలెగిరినంక పెట్టె దింపి కడిగింది ఆయన, వచ్చే ఏటికి రాళ్లు ఏరి పెట్టింది ఆయన. పెట్టెల ఏం పొయ్యాల్నో ఫోన్ చూసి ఎవరైనా చెప్తరు. కొట్టుకునే డేగపిల్ల కాలికెళ్లి నాలుగు పోగులు, తోలు మీద గీత పడకుంట తీసుడు మీల ఎవరికొస్తదో చెప్పుండ్రి?