పొయ్యి ముట్టియ్యొద్దు

ఇంటికొచ్చి నోటితో చెబితేనే పిలుపు, కార్డు వట్టి కాగితం అనుకునే కాలంలో పెరిగినవాణ్ణి నేను. అక్క పెళ్లికి నిజామాబాద్‌లో అచ్చు వేయించిన కార్డులు పట్టుకుని బాపు, నేను బోధన్ చుట్టుపక్కల ఊళ్లన్నీ బండి మీద తిరిగాం. ప్రతి గడపలో బాపుది ఒకటే మాట: "ఆ దినం ఇంట్ల పొయ్యి ముట్టియ్యొద్దు. అందరు రావాలె." అంటే ఇంటిల్లిపాదీ మా దగ్గరే తినాలని. జక్రాన్‌పల్లి మామ ఇంటికి మాత్రం నన్ను ఒక్కణ్ణే పంపారు, నేను ఆ మాట చెప్పడం మరిచిపోయాను. ఆయన ఒక్కడే వచ్చి, అక్షింతలు వేసి, మంచినీళ్లైనా ముట్టకుండా వెళ్లిపోయి, రెండేళ్లు మాతో మాట్లాడలేదు. ఆ పాఠం నా ఒంటికి బాగా పట్టింది (అవసరానికి మించే పట్టిందని తర్వాత తెలిసింది).

అలాంటి నాకు డిగ్రీ అయిన రెండేళ్లకు విదేశాంగ శాఖలో ఉద్యోగం వచ్చింది. శిక్షణ ముగిశాక చలి ఎక్కువగా ఉండే ఒక చిన్న దేశంలోని మన రాయబార కార్యాలయానికి పంపారు. హోదా థర్డ్ సెక్రెటరీ. "నీ మీద ఇంక ఇద్దరున్నరా?" అని బాపు కాస్త నొచ్చుకున్నాడు. ఊళ్లో మాత్రం 'థర్డ్' మింగేసి మిగతాది చెప్పుకున్నాడు.

ఉద్యోగం ఖాయం కావాలంటే మా రాయబారి గారి సంతకం పడాలి. ఆయన నాకు అప్పగించిన మొదటి పని, ఇతర దేశాల అధికారులకు తన ఇంట్లో ఇస్తున్న విందుకు పిలుపులు. మొత్తం పద్దెనిమిది మంది. కార్డులు వెళ్లాక, ఒకసారి ఫోన్ చేసి గుర్తుచేయమన్నారు. చేశాను. ప్రతి ఒక్కరికీ, నాకొచ్చిన ఇంగ్లిష్‌లో ఎంతో వినయంగా, ఆ సాయంత్రం మీ ఇంట్లో ఎవరూ వంట చేయకండి, అందరూ మా దగ్గరికే రావాలి అని చెప్పాను. అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగి, సంతోషంగా సరేనన్నారు. నా ఇంగ్లిష్ ఇంత బాగుందా అని మురిసిపోయాను కూడా.

విందునాడు యాభై మంది పైనే దిగారు. భార్యలు, భర్తలు, చంటిపిల్లలు, ఒకింటి నుంచి ముసలి అత్తగారు. ఒకాయనైతే వంటమనిషిని కూడా వెంటబెట్టుకొచ్చాడు (పొయ్యి వెలిగించొద్దన్నాక ఆమెకు ఇంట్లో పనేముంది, పాపం). రాయబారి గారు ముఖం మీది నవ్వు చెదరకుండా నా పక్కకొచ్చి, "వీళ్లందరినీ ఎవరు పిలిచారు?" అని అడిగారు. నేనే సార్ అన్నాను. ఇక బోధన్ బస్సు ఎక్కడమే మిగిలిందనిపించింది. కానీ ఉద్యోగం పోతుందన్న భయం కంటే, పిలిచిన మనిషి ఆకలితో వెళ్తాడేమోనన్న భయం ఎక్కువైంది. కోటు విప్పి వంటింట్లోకి నడిచాను. మా ఊళ్లో జనం ఎక్కువైనప్పుడు ఏం చేస్తారో అదే చేశాను. ముందు పిల్లలకు పెట్టించి, ఆలోగా పెద్ద గిన్నెలో అన్నం, ఇంటి నుంచి తెచ్చుకున్న మోర్తాడ్ పసుపు వేసి పప్పుచారు వండాను. ఆ వంటమనిషి ఎవరూ చెప్పకుండానే ఉల్లిగడ్డలు కోసింది.

వెళ్లేటప్పుడు ఆ అత్తగారు రాయబారి గారి చేతులు పట్టుకుని, ఈ ఊరొచ్చి నాలుగేళ్లయింది, నన్ను కూడా రమ్మన్న ఇల్లు ఇదొక్కటే అంది. మర్నాడు సార్ నన్ను పిలిచి, "ఇకమీద ఎంతమందో నాకు ముందు చెప్పు. పిలవడం మాత్రం నువ్వే పిలువు" అన్నారు. ఆ నెలలోనే సంతకం పడింది. ఫోన్ చేసి జరిగిందంతా చెబితే, బాపు ఉద్యోగం సంగతి పక్కనపెట్టి ఒక్కటే అడిగాడు.

"అందరు తిన్నరా?"

"తిన్నరు బాపు. నాకే మిగల్లే."

"గట్లుండాలె పిలుపంటె."

పస్తు పడుకున్నందుకు నేనెప్పుడూ అంత గర్వపడలేదు.

ఇప్పుడు నేనూ రాయబారినే. నా ఇంట్లో విందులకూ కార్డులు వెళ్తాయి, ఇద్దరికి మాత్రమే అని. ఇద్దరే వస్తారు, వేళకు వెళ్తారు, కూరలు మిగిలిపోతాయి. కొత్తగా చేరిన పిల్లలు ఫోన్‌లో ఎంతో పద్ధతిగా మాట్లాడతారు. అప్పటి నాలాంటి కుర్రాడు ఎవడైనా ఇవాళ నా కింద పనిచేస్తే గట్టిగా తిడతాను. తిట్టి, ఫోన్ మళ్లీ వాడి చేతికే ఇస్తాను.