మావయ్య ఎక్కని బస్తాలు

మా మావయ్యను ఎగుమతి గోదాముల దగ్గర అందరూ గొట్టం గారనేవారు. బస్తాలో గుచ్చి గింజలు బయటికి లాగే ఇత్తడి గొట్టం ఒకటి ఎప్పుడూ ఆయన చంకలో ఉండేది. వెనకాల ఏమనుకునేవారో నాకు తెలుసు గానీ, ఎదురుగా మాత్రం ఆ 'గారు' ఎవరూ మరిచిపోయేవారు కాదు. ఆయన తీసిన గింజలు పరీక్షలో నెగ్గితేనే మొక్కజొన్న ఓడెక్కేది మరి.

ఆ పరీక్ష చేసేది నేను. ప్రయోగశాలల్లో జన్యువు మార్చి తయారుచేసిన కొత్తరకం మొక్కజొన్నను మా దగ్గర పశువుల దాణాకి పండించుకోవచ్చు. మనుషులు తినే సరుకులో మాత్రం అది కలిస్తే కొనే దేశాలు ఒప్పుకోవు. రెండూ పండాలి, రెండూ అమ్ముడుపోవాలి, ఒకదాంట్లో ఒకటి కలవకూడదు. మా సర్కారు విధానమంతా ఇంతే. పైవాళ్లు దీన్నే లావుపాటి పుస్తకాల్లో రాసుకుంటారు. కింద దాన్ని నిలబెట్టాల్సింది మావయ్య గొట్టమూ, నా పరీక్ష గదీ.

నాన్న పోయాక మమ్మల్ని సాకింది మావయ్యే. పెళ్లీ గిళ్లీ జోలికి పోలేదు. అమ్మకి అన్నగారంటే ఎంత గురంటే, ఇంట్లో ఎవరున్నా మొదటి వడ్డన ఆయన కంచంలోనే. ఆయన తింటూ తింటూ నాకు పాఠం చెప్పేవాడు. "ముందు వరస బస్తాలు ఎవరైనా గుచ్చుతారమ్మలూ. గుట్ట ఎక్కాలి. నడుమ గుచ్చాలి, అడుగున గుచ్చాలి. వాకిలి ఊడ్చేసి ఇల్లంతా ఊడ్చానంటే ఎలా?" వినీ వినీ నాకది నోటికొచ్చేసింది.

అలాంటిది, నేను బాగుందని సంతకం పెట్టిన లోడు అవతలి రేవులో ఆగిపోయింది. కొత్తరకం గింజలు కలిశాయట, అదీ చిటికెడు కాదు. సరుకంతా తిరుగుటపాలో వచ్చేసింది. అది పండించిన రైతుల సంఘానికి ఆ దేశం తలుపులు మూసుకుపోయాయి. ఎవరో ఒకరు దొరకాలి కాబట్టి నన్ను పట్టుకున్నారు. విచారణ తేలేదాకా పరీక్ష గదిలోకి అడుగు పెట్టొద్దన్నారు. నా తప్పని తేలితే ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమే.

తాళాలు అప్పజెప్పే ముందు, ఆ లోడుకి మావయ్య తీసిచ్చినవాటిలో నేను దాచి ఉంచిన గింజల్ని మళ్లీ పరీక్షించాను. నిక్షేపంగా ఉన్నాయి, కొత్తరకం జాడే లేదు. ఇంటికొచ్చి భోజనాల దగ్గర అదే చెప్పాను. "నేను పొరపాటు చెయ్యలేదమ్మా. నాకొచ్చిన గింజలు వేరు, ఓడెక్కినవి వేరు."

అమ్మ గరిటె పట్టుకుని కస్సుమంది. "అంటే ఏంటే? మీ మావయ్య చేత్తో తీసినవాటికి వంక పెడతావా? ఆయన దగ్గర తప్పు జరగదు. నువ్వే ఎక్కడో పరధ్యానంగా చేసుంటావు. ఒప్పుకో, పరువన్నా దక్కుతుంది."

మావయ్య సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. నాకు అమ్మ మాట కన్నా ఆయన అలా లేచిపోవడమే ఎక్కువ తగిలింది. నన్ను ఎత్తుకు మోసినవాడు కూడా నమ్మలేదే అని సిగ్గుతో చచ్చిపోయాను. నిజంగానే పరధ్యానంగా చేశానేమోనని నన్ను నేనే అనుమానించుకోవడం మొదలుపెట్టాను.

ఈలోగా కొత్త ఎగుమతి నిబంధనలు రాస్తున్న కమిటీ గోదాము చూడటానికొచ్చింది. గింజలు తీసే పద్ధతి వాళ్లకి చూపించమని మా పెద్దాఫీసరు ఎవర్ని పిలుస్తాడు, మావయ్యనే. నన్నూ రమ్మన్నారు, అడిగినప్పుడు సంజాయిషీ ఇచ్చుకోవడానికి.

మేం లోపలికి వెళ్లేసరికి గుమ్మం పక్కన ఒక కుర్చీ వేసి ఉంది. దాని ముందు కొన్ని బస్తాలు గుట్ట మీంచి దించి వరసగా పెట్టి ఉన్నాయి. హమాలీల మేస్త్రీ ఆప్యాయంగా ఎదురొచ్చాడు. "రండి గొట్టం గారూ, కూర్చోండి. ఈ వయసులో మీకెందుకు శ్రమ? ఎప్పట్లాగే దించిపెట్టేశాం."

ఎప్పట్లాగేనా? నేను మావయ్య మొహంలోకి చూశాను. పెద్దాఫీసరు మాత్రం ఆ మర్యాద చూసి మురిసిపోయాడు.

మావయ్య కూర్చోలేదు. గుట్ట దగ్గరికెళ్లి కింది బస్తా మీద కాలు వేశాడు. రెండో కాలు లేవలేదు. మేస్త్రీ పరుగున వచ్చి రెక్క పట్టుకున్నాడు.

"వదిలెయ్యి నాయనా" అని, మావయ్య అందరి వైపూ తిరిగాడు. "మోకాళ్లు పోయాక నేను గుట్ట ఎక్కడం మానేశానండి. వీళ్లు అభిమానం కొద్దీ దించిపెట్టేవారు. నేను కూర్చుని గుచ్చేవాణ్ని. ఎక్కలేనని చెప్పుకోవడానికి సిగ్గేసింది. వెనక్కొచ్చిన లోడుకీ అదే చేశాను. ఆ పిల్ల తప్పేమీ లేదు."

హమాలీలు కుట్రతో చేసిందీ కాదు. చేతికందినవి దించారు, అంతే. నడుమ ఏ బస్తాల్లో ఏముందో వాళ్లకి మాత్రం ఏం తెలుసు? మేస్త్రీ ఆ కుర్చీ ఎత్తి బయట పెట్టేశాడు. గోదామువాళ్లు దించిన బస్తాల్లోంచి గింజలు తీయకూడదని తర్వాత నిబంధనల్లో చేరింది.

నా ఉద్యోగం నిలబడింది. ఎగిరి గంతెయ్యాలి. కానీ ఆయన ఒంటి మీది బట్ట తీసి నాకు కప్పినట్టనిపించి తలెత్తలేకపోయాను. ఇంటికొచ్చి భోజనాలకి కూర్చున్నాం.

"విచారణ ఏమైందే?" అని నన్నడుగుతూనే అమ్మ అలవాటు కొద్దీ ముందు ఆయన కంచంలో వడ్డించింది.

"నీ కూతురిది తప్పు కాదని తేలింది చెల్లాయ్" అన్నాడు మావయ్య.

"మరి ఎవరిదిట?"

ఆయన తన కంచం రెండు చేతులా ఎత్తి నా ముందు పెట్టాడు.

అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, గోడ వైపు తిరిగింది. నేను కంచం వెనక్కి జరపబోయాను. జరగలేదు. ఆయన చెయ్యి ఇంకా దాని అంచు మీదే ఉంది.

"తినమ్మలూ" అన్నాడు నేల చూపులు చూస్తూ. "నువ్వు తింటే గానీ నాకు ముద్ద దిగదు."